రికార్డు పరీక్ష

మన కాలేజీ పాత విద్యార్థుల సంచిక కోసం "మీ విజయగాథ" రాసి పంపమని కమిటీవాళ్లు కబురు పెట్టారు. గాథ అనదగ్గది నా దగ్గర ఏదీ లేదు. కాకపోతే, చదువుకునేటప్పుడు నాకు అన్నీ ఇష్టంగానే ఉండేవి. అందులోంచి ఒక్కటి ఏరుకోవడానికి మన బోటనీ మాస్టారు పెట్టిన పరీక్ష ఒకటుంది, అది రాస్తాను.

1984లో బీయెస్సీలో చేరాను. బోటనీ, జియాలజీ, కెమిస్ట్రీ. బైపీసీ చదివిన పిల్లల ఇళ్లలో అందరూ అనుకున్నట్టే మా ఇంట్లోనూ మెడిసిన్ అనుకున్నారు. సీటు రాలేదు, ఆ ముచ్చట అంతటితో సరి. ఆంధ్రా యూనివర్సిటీ కింద అప్పటి డిగ్రీలో ఒక సుఖం ఉండేది. మూడు ఆప్షనల్స్‌కీ సమానమైన పీట. వాటికి తోడు పార్ట్ వన్ ఇంగ్లీషు, పార్ట్ టూ తెలుగు. నీది ఏ సబ్జెక్టు అని ఎవరూ అడిగేవారు కాదు. పొద్దున లవణాల ఎనాలిసిస్, మధ్యాహ్నం మొక్కల కాండాలు, మధ్యలో తెలుగు క్లాసులో పద్యం. మనసు నాలుగు వైపులా లాగేవాళ్లకి మూడేళ్ల వాయిదా దొరికినట్టే.

చిక్కంతా ఫైనలియర్లో. ఎమ్మెస్సీకి వాల్తేరులో యూనివర్సిటీకి వెళ్లాలంటే ఒక్కటే డిపార్టుమెంటు. కెమిస్ట్రీ మీద నాకు పెద్ద భ్రమలు లేవు. ల్యాబులో గ్యాసు తయారుచేసే కిప్స్ ఆపరేటస్ కుళ్లుగుడ్ల వాసన మూడేళ్లు పీల్చాను, చాలు. మిగిలినవి బోటనీ, జియాలజీ. ఇవి చాలనట్టు మన తెలుగు మాస్టారు, "ఏమ్మా, స్పెషల్ తెలుగు చదవాల్సిన పిల్లవి, రాళ్లలో పడ్డావేంటి" అని కనబడినప్పుడల్లా అనేవారు. నాకు పద్యం నోటికి వచ్చేది, ఆయనకు అదొక ఆశ.

ముందు బోటనీ మాస్టారి దగ్గరికే వెళ్లాను. ఆయన పాఠం విన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. వృక్షశాస్త్రాన్ని మన తూర్పు గోదావరి జిల్లాలోంచే మొదలుపెట్టేవారు. రాక్స్‌బర్గ్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు 1780లలో సామర్లకోటలో మకాం వేసి, తోట పెంచి, ఇక్కడి చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించి, వాటికి మనవాళ్లు పిలిచే తెలుగు పేర్లు కూడా రాసిపెట్టుకున్నాడని చెప్పేవారు. అది వింటే ఎవరికైనా బోటనీ చదవాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. మర్నాడు జియాలజీ మాస్టారు రాజమండ్రి పక్కనున్న కాతేరు క్వారీకి తీసుకెళ్లారు. పైన నల్లరాయి, కింద నల్లరాయి, నడుమ సున్నపురాయి పొర, అందులో నత్తగుల్లలు. లావా ఒకసారి పారి చల్లబడింది, దాని మీద కొంతకాలం ఉప్పునీరు నిలిచింది, జీవాలు బతికాయి, మళ్లీ లావా వచ్చి కప్పేసింది. ఇదంతా సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి సంగతి. ఆ లావా పడమటి కనుమల వైపు నుంచి నదీలోయల వెంట వేయి కిలోమీటర్ల దాకా పారి వచ్చి ఉంటుందని ఈ మధ్య శాస్త్రవేత్తలు అంటున్నారు. అప్పట్లో అంత దూరం మాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ క్వారీలోంచి వచ్చేదాన్ని కాదేమో.

"రెండూ బాగున్నాయి మాస్టారూ, ఏం చెయ్యమంటారు?" అన్నాను బోటనీ మాస్టారితో.

"రెండూ కావాలంటే బీర్బల్ సహానీలా శిలాజ వృక్షశాస్త్రం చదువు. బోటనీ ప్రొఫెసరయ్యుండి లక్నోలో జియాలజీ శాఖకి కూడా పెద్దగా ఉన్నాడాయన. కానీ అప్పుడు రెండు రికార్డులూ రాయాలి మరి" అన్నారు.

నవ్వుకి అన్నారనుకున్నా. కాదు. అల్మారాలోంచి పాత ఎమ్మెస్సీ రికార్డు, అంటే ప్రాక్టికల్స్‌లో చేసిందంతా రాసి బొమ్మలు గీసే పుస్తకం, ఒకటి తీసి నా ముందు పెట్టారు. "పాఠం వింటే అన్ని సబ్జెక్టులూ బాగానే ఉంటాయమ్మా, చెప్పేవాడు బాగా చెబితే. సబ్జెక్టంటే ఇది. నీ రెండు రికార్డులూ ఇంటికి తీసుకుపో. ఏది తిరగరాయమన్నా విసుగు పుట్టదో చూసుకుని రా."

నేను నిజంగానే చూశాను. బోటనీ రికార్డులో ఎడమ పేజీల్లో బొమ్మలు అందంగానే ఉన్నాయి గానీ, ఆ బొమ్మ వెనక పడ్డ పాట్లు నాకు తెలుసు. కాడని బంగాళాదుంప ముక్కలో ఇరికించి బ్లేడుతో పల్చగా కొయ్యాలి. పది కోస్తే ఒకటి పనికొస్తుంది. దానికి సాఫ్రనిన్ రంగు పట్టించి గ్లిజరిన్ వేసేసరికి అదీ మడత పడుతుంది. హెర్బేరియానికి మొక్కల్ని న్యూస్‌పేపర్లలో నొక్కిపెట్టి, తడి పీల్చిన కాగితాలు రోజూ మార్చాలి. మా చెల్లెలి చేత మార్పించిన రోజులే ఎక్కువ. జియాలజీ రికార్డులో అన్నీ మ్యాపులు. నేల ఎత్తులు చూపే కాంటూరు గీతల మీద రాతిపొరలు ఎక్కడ బయటపడతాయో లెక్కగట్టి గ్రాఫు కాగితం మీద అడ్డకోత గీయాలి. పొర సాగే దిక్కు (స్ట్రైక్), దాని వాలు (డిప్) ఒక్క డిగ్రీ తేడా వస్తే మొత్తం చెరిపి మళ్లీ గీయాలి. క్లాసంతా తిట్టుకునే పని అది. నేను మాత్రం సెలవుల్లో కూడా పాత ప్రశ్నపత్రాల మ్యాపులు తెచ్చుకుని గీసేదాన్ని, ఎవరూ అడగకపోయినా. అంతవరకూ దాన్ని ఇష్టం అనుకోలేదు, ఏదో కాలక్షేపం అనుకున్నాను.

తెలుగు సంగతి కూడా అలాగే తేలింది. నేను అడగకుండానే తెలుగు మాస్టారు ఒక ప్రబంధానివి రెండు ముద్రణలు చేతికిచ్చి పాఠభేదాలు రాసుకురమ్మన్నారు. రెండో ఆశ్వాసం దాటలేదు. పద్యం పాడుకోవడానికి పనికొచ్చే ప్రేమ నాది, అరసున్నాల తేడాలు వెతికే ప్రేమ కాదు. ఆయన మంచివారు, మళ్లీ స్పెషల్ తెలుగు మాట ఎత్తలేదు.

ఇంట్లో చెప్పడం వేరే కథ. "రాళ్లు కొట్టడానికి ఎమ్మెస్సీ దేనికే అమ్మాయ్, క్వారీలో కూలికి పోతే సరిపోదా?" అన్నారు నాన్న. ఆడపిల్ల కొండలెక్కి సుత్తి పట్టుకు తిరగడమేమిటని మా పెద్దమ్మ. వాల్తేరులో హాస్టలుందని, లెక్చరర్లు కూడా తోడొస్తారని అమ్మే ఎలాగో ఒప్పించింది.

తర్వాత భూగర్భ జల శాఖలో ఉద్యోగం, ఎక్కువకాలం అనంతపురం జిల్లాలో. అక్కడి రాయికి సొంతంగా నీళ్లు పట్టుకునే గుణం లేదు. పగుళ్లలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. నీటి జాడ కోసం ఎండలో నాలుగు ఎలక్ట్రోడ్లు నేలలో పాతి, కరెంటు పంపి రీడింగులు తీసి, లాగ్ గ్రాఫు మీద చుక్కలు పెట్టి, ముందే గీసి ఉంచిన మాస్టర్ కర్వులతో పోల్చి చూడాలి. పక్క పొలంలో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లెక్కడున్నాయో చెబుతూ నడిచే ఆయనకే రైతులు ఎక్కువ దండం పెట్టేవారు. నా అడ్డకోతలు, కర్వులు చూసి "ఈవిడ పరీక్ష రాస్తోందండీ" అనేవారు. వాళ్లన్నది నిజమే, అచ్చం రికార్డు రాసినట్టే ఉండేది. విసుగు మాత్రం రాలేదు.

వదిలేసిన సబ్జెక్టులు ఉద్యోగంలో పనికొచ్చాయా అని అడుగుతారు. పెద్దగా లేదు. నేరేడు చెట్టుకి తూర్పున పుట్ట ఉంటే దక్షిణాన రెండు పురుషుల లోతులో తీపినీరు ఉంటుందని వెనకటి జ్యోతిష పండితుడు వరాహమిహిరుడు చెప్పాడు. బోటనీ, సంస్కృతం రెండూ కలిసొచ్చే శ్లోకం. ఎంతో ఇష్టంగా చదివాను గానీ, రిపోర్టులో అది రాస్తే మా ఆఫీసరు ఊరుకోడు. మొక్కల పేర్లు, పద్యాలు జీపు ప్రయాణాల్లో నా సంతోషానికి మిగిలాయి, అంతే.

ఆంధ్రాలో 2023-24లో డిగ్రీలో మూడు సబ్జెక్టుల పద్ధతి పోయి ఒకే మేజర్, పక్కన ఒక మైనర్ వచ్చాయి. మాకు దొరికిన మూడేళ్ల వాయిదా ఆ పద్ధతిలో చేరిన పిల్లలకి లేకపోయింది. ఇంటర్ అవగానే తేల్చుకోమంటే ఏం తేలుస్తారు? ఇది నాకు నచ్చలేదు, నచ్చలేదనే రాస్తున్నాను. మొన్న మా మేనకోడలి కూతురు ఇదే చిక్కుతో వచ్చింది. స్టాటిస్టిక్స్, బోటనీ, కంప్యూటర్లు, మూడూ ఇష్టమేనట. కాలేజీకి వెళ్లి సీనియర్ల రికార్డులు అడిగి, నాలుగు పేజీలు నీ చేత్తో కాపీ చేసి చూడమన్నాను. ల్యాబ్ అటెండర్‌ని మంచి చేసుకుంటే అన్నీ చూపిస్తాడని కూడా చెప్పాను. వారం తర్వాత ఫోన్ చేసి స్టాటిస్టిక్స్ అంది. వాళ్ల నాన్నకి కంప్యూటర్లని చెప్పి ఉంచిందట. ఆయనా మన కాలేజీవాడే. ఈ సంచిక ఇంటికి చేరేలోపు చెప్పేయమన్నాను.