రింగుల జుట్టు స్ట్రెయిట్ చేయించాలా వద్దా, నేను ఎలా తేల్చుకున్నానంటే

చాలా నెలలుగా నా బుర్రలో నలుగుతున్న విషయం ఇది. జుట్టుకి పర్మనెంట్ స్ట్రెయిటెనింగ్ చేయించుకోవాలా, లేక ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచుకోవాలా. ఎవరినడిగినా తలో మాట చెప్తారు. చేయించేసుకో, పొద్దున్నే లేచి దువ్వెనతో కుస్తీ పట్టక్కర్లేదు అని కొందరు, అంత ఒత్తుగా ఉన్న జుట్టుని మందులు పెట్టి పాడుచేసుకుంటావా అని ఇంకొందరు. సెలూన్‌లో అడిగితేనేమో ఏం కాదండీ అందరూ చేయించుకుంటున్నారు అంటారు. ఇవేవీ నాకు పనికొచ్చే జవాబులు కావు, ఎందుకంటే అసలు తల మీద ఏం పెడతారు, అది వెంట్రుకని ఏం చేస్తుంది, చేయించుకున్న ఏడాదికి ఎలా ఉంటుంది అనేది ఎవరూ చెప్పరు. అందుకే దొరికినంతవరకు చదివాను, ఎప్పట్నుంచో చేయించుకుంటున్న మా అక్క జుట్టుని దగ్గర కూర్చుని పాయ పాయ తీసి చూశాను. ఇదే డైలమాలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నా.

ముందు పేర్ల గందరగోళం. స్ట్రెయిటెనింగ్, స్మూతెనింగ్, రీబాండింగ్, రిలాక్సర్, కెరాటిన్ అని బోర్డు మీద బోలెడు ఉంటాయి, ఒక చోట స్మూతెనింగ్ అన్నదాన్నే ఇంకో చోట కెరాటిన్ అంటారు. పేరు వదిలేసి ఆ డబ్బాలో ఏముంది అని చూస్తే చాలావరకు మూడు రకాలే తేలతాయి, ఆ మూడూ చేసే పని వేరు, తెచ్చే తలనొప్పులూ వేరు.

వెంట్రుక అంటే కెరాటిన్ అనే ప్రొటీన్. ఆ ప్రొటీన్ పోగుల మధ్య రెండు రకాల బంధాలు ఇక్కడ మనకి ముఖ్యం. ఒకటి హైడ్రోజన్ బంధాలు, ఇవి బలహీనం, నీళ్లు తగిలితే విడిపోయి ఆరగానే మళ్లీ కలుస్తాయి. ఐరన్ పెట్టి సాపు చేసిన జుట్టు కాస్త చెమట పట్టినా, చినుకు పడినా మళ్లీ చుట్టుకుపోతుందంటే కారణం ఇదే. రెండోది డైసల్ఫైడ్ బంధాలు, ఇవి గట్టి కుట్లు లాంటివి, నీళ్లకీ వేడికీ లొంగవు, కెమికల్‌తోనే విప్పాలి. ఇక ఆ మూడింటిలో మొదటి రకం రీబాండింగ్, అంటే ఈ కుట్లు విప్పి, వెంట్రుకని సాపుగా పరిచి, మళ్లీ కుట్టేయడం. అమోనియం థయోగ్లైకొలేట్ లాంటి క్రీమ్ పెడతారు, దాని పీహెచ్ (క్షారం ఎంత ఘాటో చెప్పే కొలత, మామూలు నీళ్లకి 7) 9 చుట్టుపక్కల ఉంటుంది, కుళ్లిన గుడ్డు వాసన వచ్చేది దీన్నుంచే. జుట్టు మెత్తబడ్డాక కడిగేసి ఆరబెట్టి, సన్న సన్న పాయలు తీసి ఐరన్ చేసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి న్యూట్రలైజర్‌తో ఆ కొత్త ఆకారంలో ఫిక్స్ చేస్తారు. మామూలు పొడవు జుట్టుకే సగం రోజు పడుతుంది.

రెండో రకం హైడ్రాక్సైడ్ రిలాక్సర్. సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా. నో-లై, అంటే కాస్టిక్ సోడా లేదు అని రాసి ఉన్నవాటిలో కాల్షియం హైడ్రాక్సైడ్, గ్వానిడిన్ కార్బొనేట్ కలిపి వాడతారు, కానీ వాటి పీహెచ్ కూడా 12 దాటే ఉంటుంది, నో-లై అన్నంత మాత్రాన మాడు కాలదని కాదు. ఇక్కడ విప్పిన కుట్టుని మళ్లీ కుట్టడం ఉండదు, ఆ బంధమే వేరే రకం బంధంగా మారిపోతుంది, వెనక్కి రాదు. ఇంకో సంగతి తప్పకుండా గుర్తుపెట్టుకోండి, హైడ్రాక్సైడ్ పెట్టిన జుట్టు మీద థయో (ఆ రీబాండింగ్ క్రీమ్) పెట్టకూడదు, థయో పెట్టిన జుట్టు మీద హైడ్రాక్సైడ్ పెట్టకూడదు. పెడితే జుట్టు తెగి చేతిలోకి వచ్చేస్తుంది. సెలూన్ మార్చినప్పుడు పోయినసారి ఏం పెట్టారో తెలియకపోవడం అందుకే ప్రమాదం.

మూడోది కెరాటిన్ ట్రీట్‌మెంట్. పేరు వింటే జుట్టుకి బలం పెట్టినట్టు అనిపిస్తుంది. నిజానికి సాపుగా ఉంచే పని చేసేది కెరాటిన్ కాదు, దాంతోపాటు ఉండే ఫార్మాల్డిహైడ్ గానీ గ్లయాక్సిలిక్ ఆసిడ్ గానీ. 230 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసిన ఐరన్‌తో దాన్ని జుట్టులోకి పట్టిస్తారు, మూడు నుంచి ఐదు నెలల్లో తలస్నానాలకి మెల్లగా పోతుంది. రింగులు పూర్తిగా పోవు, కాస్త వదులవుతాయి, పైన లేచే పీచు అణుగుతుంది. పర్మనెంట్ కాదు కదా, ట్రై చేసి చూద్దాం అని నేను ముందు దీనివైపే మొగ్గాను. తర్వాత చదివింది చూశాక మనసు విరిగిపోయింది.

ఎందుకంటే ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో కాన్సర్ తెప్పించే పదార్థం అని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే మొదటి గ్రూపులో పెట్టింది. ఐరన్ పెట్టగానే పొగలా లేచి కళ్లు మండించేది అదే. చేయించుకునేవాళ్లు ఏడాదికి రెండు మూడుసార్లు పీలిస్తే, చేసే అమ్మాయి రోజూ పీలుస్తుంది, ఆ అమ్మాయి సంగతి ఎవరూ ఆలోచించరు. డబ్బా మీద ఫార్మాల్డిహైడ్ ఫ్రీ అని ఉంటే నమ్మేయచ్చా అంటే అదీ లేదు. మెథిలీన్ గ్లైకాల్ అని రాసి ఉంటే అది నీళ్లలో కలిసిన ఫార్మాల్డిహైడే. ఫ్రీ అని రాసుకున్న ప్రొడక్టుల్లో కూడా అది బయటపడిందని 2011లో అమెరికా కార్మిక భద్రతా విభాగం ఓషా హెచ్చరిక ఇచ్చింది. ఇక దాని బదులు వచ్చిన గ్లయాక్సిలిక్ ఆసిడ్ సంగతి. ట్యునీషియాలో ఒక యువతికి సెలూన్‌లో స్ట్రెయిటెనింగ్ చేయించుకున్న ప్రతిసారీ కిడ్నీ దెబ్బతిన్న కేసుని 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో డాక్టర్లు రాశారు, 2020లో, 2021లో, 2022లో, మూడుసార్లూ అంతే. ఆ క్రీమ్‌లో గ్లయాక్సిలిక్ ఆసిడ్ ఉంది, ఎలుకల చర్మం మీద రాసి చూస్తే వాటి కిడ్నీల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు చేరాయి. అందరికీ ఇలా అవుతుందని కాదు, కానీ మాడు మీద రాసింది పైపైనే ఉండిపోతుంది అనే నా నమ్మకం ఇక్కడితో పోయింది.

2022లో వచ్చిన ఇంకో అధ్యయనం గురించి చాలామంది వినే ఉంటారు, అమెరికాలో 33,497 మంది ఆడవాళ్లని దాదాపు 11 ఏళ్లు గమనించారు. స్ట్రెయిటెనర్లు ఎప్పుడూ వాడనివాళ్లలో 70 ఏళ్లొచ్చేలోపు గర్భాశయ కాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం, తరచుగా వాడేవాళ్లలో 4.05 శాతం అని అంచనా వేశారు. తరచుగా అంటే అంతకుముందు ఏడాదిలో నాలుగుసార్ల కంటే ఎక్కువ. ఇది సంబంధం చూపించిన అధ్యయనం, స్ట్రెయిటెనరే కారణం అని తేల్చింది కాదు, వంద మందిలో తొంభై ఐదు మందికి పైగా ఏమీ రాలేదన్నది కూడా అందులోనే ఉంది. దీన్ని చూసి భయపడి పారిపోవాలని నేను అనను. కానీ తరచుగా అనే మాట దగ్గర నేను ఆగిపోయాను, ఎందుకంటే ఒకసారి మొదలెడితే, ఏడాదికి అన్నిసార్లు కాకపోయినా, మళ్లీ మళ్లీ చేయించుకోవాల్సిందే.

నా లెక్కలో అసలు మ్యాటర్ ఇదే. సెలూన్ నుంచి బయటికొచ్చిన రోజు జుట్టు ఎంత బావుంటుందో మనకి ఫోటోల్లో చూపిస్తారు, ఆరు నెలల తర్వాత ఎలా ఉంటుందో చూపించరు. కెమికల్ పనిచేసేది ఆల్రెడీ బయటికొచ్చిన వెంట్రుక మీదే. రింగు పుట్టేది మాడు లోపల, కుదురు ఉన్న తీరుని బట్టి, దాన్ని ఏ క్రీమూ మార్చలేదు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది అనుకుంటే ఆరు నెలలకి పైన ఆరు సెంటీమీటర్లు మన పాత రింగులే, కిందంతా కర్రలా నిటారు.

అక్క జుట్టు చూసింది అలాంటి టైంలోనే. కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి పాపిడి పక్కన ఒక పాయ తీశాను. కుదుళ్ల దగ్గర నాలుగు వేళ్ల వెడల్పు మేర వత్తుగా, ఉబ్బెత్తుగా, ఒక్కో వెంట్రుకా ఎస్ ఆకారంలో తిరిగి ఉంది, ముట్టుకుంటే గరుకు. దాని కిందనుంచి పట్టు కుచ్చులా నున్నగా జారిపోతోంది. ఆ రెండూ కలిసేచోట చిన్న వంపు. ఆ వంపు దగ్గరే కొన్ని తెగి పొట్టి పొట్టిగా లేచి ఉన్నాయి. రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా కిందికి జారిస్తే ఎక్కడ మారుతోందో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. మళ్లీ చేయిస్తావా అక్కా అంటే, చేయించక ఏం చేస్తానే, పైనొకలా కిందొకలా ఎన్నాళ్లు తిరగను అంది.

విసుగుతో అన్న మాట కాదది. తనకి పొద్దున పూట టైం ఉండదు, ఆ నున్నటి జుట్టు తనకి నిజంగా ఇష్టం, ఆ మెయింటెనెన్స్‌కి తను రెడీ, చేసే మనిషి కూడా పాత జుట్టుకి క్రీమ్ తగలనీయకుండా కొత్తగా వచ్చినదానికే పెడుతుంది. అంత తెలిసి చేయించుకుంటున్న మనిషిని తప్పు పట్టడానికి నాకేం లేదు. కానీ అక్క జవాబుతో నా ప్రశ్న మారిపోయింది. ఒక్కసారి చేయించుకోవాలా వద్దా అని కాదు నేనడగాల్సింది, ఏడాదికి రెండుసార్లు ఇలా ఎన్నేళ్లు చేయించుకోవాలనుకుంటున్నాను అని. వద్దనుకుని ఆపేస్తే భుజాల దాకా ఉన్న జుట్టు మొత్తం మళ్లీ తనంతట తాను రావడానికి రెండు మూడేళ్లు, లేదంటే పొట్టిగా కత్తిరించేయడం. మధ్యదారి లేదు.

ఇక రెండో సంగతి, నాకు నచ్చనిది నిజంగా రింగులేనా. ఒక కాగితం మీద రాసుకుంటూ పోతే చిక్కులు, పీచులా లేవడం, ఒక వైపు ఉబ్బి ఇంకో వైపు అణిగిపోవడం, ఇవి వచ్చాయి, రింగులు అనే మాటే రాలేదు. వీటిలో చాలావరకు రింగుల జుట్టుని సాఫు జుట్టుకి చూసినట్టు చూడటం వల్ల వచ్చేవే, మనలో చాలామందికి చిన్నప్పట్నుంచి నేర్పిందే అది, ఆరిన జుట్టుని సన్న పళ్ల దువ్వెనతో పైనుంచి కిందికి లాగడం. మాడు నుంచి వచ్చే సహజమైన నూనె వంపుల మీదుగా చివర్ల దాకా దిగలేదు, అందుకే రింగుల జుట్టు పుట్టుకతోనే పొడి. అది పొడిగా ఉన్నప్పుడు దువ్వితే ఒకదానికొకటి అతుక్కుని ఉన్న రింగు విడిపోయి ఏ వెంట్రుకకి ఆ వెంట్రుక లేస్తుంది, అదే మనం పీచు అనేది.

ఇప్పుడు నేను చేసేది చెప్తా. కండిషనర్ దండిగా పట్టించి, తల తడిగా ఉండగానే వెడల్పు పళ్ల దువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి వెళ్తా. కడిగాక టవల్‌తో రుద్దను, పాత కాటన్ టీషర్టుతో అద్దుతా, నీళ్లు ఇంకా కారుతుండగానే జెల్ రెండు చేతులకీ పూసుకుని పాయల్ని కింద నుంచి పైకి గుప్పిట్లో నొక్కుతా. ఆ తర్వాత ఆరేదాకా చెయ్యి పెట్టకూడదు, ఇదే కష్టం, చెయ్యి ఊరికే తల మీదికి పోతుంది. ఆరాక జుట్టు అట్టకట్టినట్టు గట్టిగా ఉంటుంది, భయపడక్కర్లేదు, మళ్లీ గుప్పిట్లో నలిపితే ఆ పొర విరిగిపోయి లోపలి రింగు మెత్తగా బయటికొస్తుంది. మెడ వెనక కింది పొరలో నాకు వేలికి చుట్టుకునేంత చిన్న చిన్న రింగులున్నాయని నాకు ఇలా చేశాకే తెలిసింది. ఇన్నేళ్లూ నా తల మీద ఉన్నదేంటో చూడకుండానే దాన్ని తీసేయాలా వద్దా అని ఆలోచించడం నాకు అన్యాయంగా అనిపించింది.

మిగిలింది పక్కవాళ్ల మాటలు. ఏంటి ఇవాళ తల దువ్వుకోలేదా అనేది వినని రింగుల జుట్టు మనిషి ఉండరేమో. ఆ మాట అన్నవాళ్లు మర్చిపోతారు, మనం అద్దం ముందు నిలబడిన ప్రతిసారీ గుర్తొస్తుంది. ఇది చిన్న విషయం అని కొట్టిపారేసేవాళ్ల మీద నాకు కోపం. పుట్టుకతో వచ్చిన జుట్టు తీరుని బట్టి ఉద్యోగంలో, స్కూల్లో వివక్ష చూపించకూడదని 2019లో కాలిఫోర్నియా ఏకంగా చట్టం చేయాల్సి వచ్చింది, అక్కడ ఆఫ్రికన్ అమెరికన్లు పడ్డ అవమానాలు మనం ఊహించలేం. మీరు చేయించుకోవాలనుకుంటున్నది మీ ఇష్టం కోసమా, ఆ మాటలు ఆగిపోవాలనా అన్నది మీకు మీరే తేల్చుకోండి. నా విషయంలో సగానికి పైగా రెండోదే. అందుకే నేను చేయించుకోవట్లేదు. దానికని తీసిపెట్టుకున్న డబ్బులు లేయర్స్ కట్‌కి పెట్టాను, అదీ జుట్టు పొడిగా, రింగులతో ఉన్నప్పుడే కత్తిరించే మనిషి దగ్గర, తడి మీద కత్తిరిస్తే ఆరాక ముడుచుకుని అనుకున్నదానికంటే పొట్టిగా వస్తుంది.

మీరు చేయించుకుందాం అని తేల్చుకుంటే మాత్రం కొన్ని అడగండి. ముందు డబ్బా చూపించమనండి, పదార్థాల పేర్లు ఫోటో తీసుకోండి, తర్వాత ఇంకో చోటికి వెళ్లినా అదే చూపించచ్చు. బ్లీచ్ చేసిన జుట్టైతే వద్దు. హెన్నా, నల్ల రంగు పొడులు పెట్టి ఉంటే దాచకుండా చెప్పండి, కొన్నింటిలో లోహ లవణాలు ఉంటాయి, అవి పెరాక్సైడ్‌తో కలిస్తే జుట్టు వేడెక్కి దెబ్బతింటుంది. మాడు మీద పుండో, గోకిన గీతలో ఉంటే వాయిదా వేయండి. కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా డాక్టర్ని అడక్కుండా వెళ్లకండి. గదిలో గాలి ఆడుతోందో లేదో చూడండి, కళ్లు మండితే మొహమాటపడకుండా లేచి బయటికి వచ్చేయండి. అన్నిటికంటే ముందు చెవి వెనక నుంచి ఒక సన్న పాయకి మాత్రమే చేయమనండి. ఇంటికొచ్చి రెండు మూడు తలస్నానాలయ్యాక ఆ పాయలో ఒక తడి వెంట్రుకని రెండు చేతుల్తో మెల్లగా లాగి చూడండి, సాగి మళ్లీ వెనక్కి వస్తే బాగానే తట్టుకుంది, బంకలా సాగి అలాగే ఉండిపోయినా, పుటుక్కున తెగినా మిగతా తలకి చేయించొద్దు. ఈ టెస్ట్ అక్కర్లేదు అనే సెలూన్ అయితే వేరే సెలూన్ చూసుకోండి.