కజుంగుల వంతెన ఐదు నిమిషాలు, యార్డులో నాలుగు రోజులు

లుసాకాలో ఉంటాను, హైదరాబాద్ నుంచి మందులు తెప్పించే చిన్న కంపెనీలో పని. జాంబియాకి సముద్రం లేదు కదా, మా కంటైనర్ ముంబై దగ్గర నవా షేవాలో ఓడెక్కి డర్బన్‌లో దిగి, అక్కణ్ణుంచి లారీ మీద రావాలి. కస్టమ్స్ క్లియరింగ్ చూసే సీనియర్ సెలవు మీద ఊరెళ్ళడంతో పోయినేడు ఫిబ్రవరిలో ఆ పని మొదటిసారి నా మెడకి చుట్టుకుంది.

జాంబియా సరిహద్దుకి జింబాబ్వే మీదుగా చిరుండు దగ్గరికి రావచ్చు, లేదా బోట్స్వానా మీదుగా కజుంగుల దగ్గరికి రావచ్చు. బోట్స్వానా, దక్షిణాఫ్రికా ఒకే కస్టమ్స్ యూనియన్ (వాటి మధ్య సుంకాలుండవు) కాబట్టి రెండోదే మేలన్నాడు మా ఏజెంట్. కజుంగులలో ఇదివరకు జాంబేజీ నదిని పంటు మీదే దాటేవాళ్ళు, మన గోదావరి మీద ఉండేదే, కాకపోతే ఒక్కో లారీకి రోజుల తరబడి వెయిటింగ్. 2021 మేలో 923 మీటర్ల వంతెన తెరిచారు. జింబాబ్వే భూమి తగలకుండా వంకర తిప్పి కట్టారు, మధ్యలో రైలు పట్టాలకి చోటు కూడా వదిలారు. రైలు మాత్రం ఇంకా లేదు.

ఆ వంతెన బాగుందని లారీలన్నీ ఇటే వస్తే ఏమవుతుంది? అంతకుముందే దక్షిణాఫ్రికా దాటే చోట, గ్రోబ్లర్స్‌బ్రగ్‌లో, లింపోపో మీదున్న ఇరుకు వంతెన దగ్గర క్యూ. మా లారీ అక్కడే మూడు రోజులు నిలబడింది. ఆ తర్వాత బోట్స్వానాలోని నాటా నుంచి ఏనుగులు రోడ్డెక్కే దారి, రాత్రి నడపనన్నాడు డ్రైవర్, నేనూ నడపమనలేదు.

కజుంగులలో రెండు దేశాల అధికారులూ ఒకే చోట కూర్చుంటారు, ఇటు వచ్చే లారీకి పనంతా జాంబియా వైపే. నేను ముందే కస్టమ్స్ ఎంట్రీ (సరుకు వివరాల డిక్లరేషన్) వేయించాను కాబట్టి అరపూటలో బయటపడతామనుకున్నా. తీరా చూస్తే ఇన్వాయిస్‌లో 410 పెట్టెలు, ప్యాకింగ్ లిస్టులో 412! రెండూ నా దగ్గర వారం నుంచీ ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూసిన పాపాన పోలేదు. వెంటనే హైదరాబాద్‌కి ఫోన్ చేశా. అప్పుడు శుక్రవారం, మాకు మధ్యాహ్నం మూడు, వాళ్ళకి ఆరున్నర.

"సార్ వెళ్ళిపోయారండి, సోమవారం చేయండి."

ఆ శని, ఆదివారాలు సరిగా నిద్రపడితే ఒట్టు. పర్మిట్‌లో లేని మందేదైనా ఎక్కించారేమోనని టెన్షన్, పైగా సరిహద్దు యార్డులో లారీ ఆగిన ప్రతి రోజుకీ అద్దె. సోమవారం కంటైనర్ తెరిపించారు, ఏజెంట్ ఫొటో పంపాడు. ఆ రెండు పెట్టెల్లోనూ హైదరాబాద్ కంపెనీ గోడ క్యాలెండర్లు. సవరించిన ఇన్వాయిస్ మంగళవారం వచ్చింది, వాటికి సుంకం, దానిపైన జరిమానా కట్టి లారీని కదిలించాం.

ఇప్పుడు ఓడ కదలకముందే అన్ని కాగితాల్లో పెట్టెల లెక్క చూస్తాను, అది కలిసిందాకా వాటిని ఏజెంట్‌కి పంపను. లారీ లుసాకా చేరేసరికి మార్చి. జనవరి, ఫిబ్రవరి పేజీలు చించేసి ఆఫీసులో అందరికీ తలా ఒక క్యాలెండర్ పంచాను.