అధిక శ్రావణమా, నిజ శ్రావణమా?

2023లో, ఎల్‌ఎల్‌బీ రెండో ఏడాదిలో ఉండగా బెంగళూరులోని మా కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్‌కి, అంటే పేదలకు ఉచితంగా న్యాయ సాయం చేసే కేంద్రానికి, పేరిచ్చాను. మూడేళ్ల కోర్సు వాళ్లు మొత్తం మీద 12 వారాలు, అయిదేళ్ల కోర్సు వాళ్లు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలని బార్ కౌన్సిల్ నిబంధన. నా క్లాసులో చాలామంది ఆ వారాలన్నీ పెద్ద లా ఫర్ముల కోసం అట్టిపెట్టుకున్నారు. వాళ్లను తప్పు పట్టను, ఫీజుల అప్పులు అందరికీ ఉన్నాయి. మాది కదిరి దగ్గర పల్లె. మా వైపు నుంచి బేల్దారి పనికి బెంగళూరు బస్సెక్కేవాళ్లను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. చదివిన చట్టం ముందు వాళ్లకు పనికిరావాలనిపించింది.

ఇంటర్వ్యూలో మేడమ్ మొదట అడిగింది ఏయే భాషలు వచ్చని. కన్నడ, తెలుగు అన్నాను. "ఏ తెలుగు?" అన్నారు. కదిరి తెలుగు అనగానే నవ్వి, సోమవారం నుంచి రమ్మన్నారు.

శిక్షణలో మొదటే చెప్పారు, మీరు వాదించలేరని. అడ్వకేట్స్ యాక్ట్ ప్రకారం ఎన్‌రోల్ అయిన లాయరే కోర్టులో నిలబడాలి. విద్యార్థులు వినాలి, రాయాలి, కాగితాలు సమకూర్చాలి, మనిషికి తోడు వెళ్లాలి. ఇంతేనా అనుకున్నాను. ఆ "వినడం" ఎంత కష్టమో నవంబరులో తెలిసింది.

మా మండలం నుంచే వచ్చిన ఒక అక్క, కూలి ఎగ్గొట్టారని వచ్చింది. రోజుకు 500 చొప్పున అపార్ట్‌మెంట్ పనిలో ఇటుకలు మోసింది. ఎప్పటి నుంచి డబ్బు ఇవ్వలేదంటే, "శ్రావణం పుట్టినప్పటి నుంచి ఇయ్యలేదు పాపా. దసరాకు ఊరికి పోయొచ్చేలోపల మేస్త్రీ ఫోను తీయడం మానేసినాడు" అంది. నేను ఫోన్‌లో పంచాంగం చూసి "2023 జూలై 18 నుంచి" అని రాసేశాను. అర్జీ శుభ్రంగా వచ్చిందని సంతోషపడ్డాను కూడా.

మర్నాడు చదివి వినిపిస్తుంటే ఆమె ఆపింది. "అది అధికం కదా. నేను చెప్పింది నిజ శ్రావణం." ఆ ఏడాది శ్రావణాలు రెండు వచ్చాయి. నిజ శ్రావణం మొదలైంది ఆగస్టు 17న. అంతకుముందు కూలి ఆమెకు అందింది. నేను రాసినట్టే అర్జీ వెళ్లుంటే, కాంట్రాక్టర్ జూలై చెల్లింపుల చిట్టా ఒక్కటి చూపించి ఆమెను అబద్ధాలకోరును చేసేవాడు. నాకు చేతులు చల్లబడ్డాయి.

అప్పుడు బయటికి తీసింది, సంచిలో చుట్టి పెట్టుకున్న తెలుగు క్యాలెండర్. పనికి వెళ్లిన ప్రతి తేదీ పక్కనా కాటుక పెన్సిల్‌తో చుక్క. వాన పడి పని ఆగిన రోజుకు చుక్క లేదు. కొన్ని చెమటకు అలుక్కుపోయాయి. ఇద్దరం నేల మీద పరుచుకుని, ఒక్కో చుక్క మీద వేలు పెట్టి లెక్కబెట్టాం. 53 వచ్చాయి. అంటే 26,500 రూపాయలు.

ఈలోపు ఉచిత లాయర్ కోసం కాగితాలు సిద్ధం చేస్తుంటే, ఒక ఆఫీసులో ఆదాయ సర్టిఫికెట్ లేనిదే కుదరదన్నారు. దాని కోసం ఆమె ఊరికి పోయి రావాలంటే రెండు రోజుల కూలి పోతుంది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ యాక్ట్, సెక్షన్ 12 తీసి చూపించాను. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేదు. గొంతు వణికింది కానీ అక్కడి నుంచి కదల్లేదు. చివరికి తీసుకున్నారు. లా చదివేవాళ్లు ఆ ఒక్క సెక్షన్ నోటికి నేర్చుకున్నా ఎంతోమందికి బస్సు చార్జీలు మిగులుతాయి.

సిద్ధయ్య రోడ్డులో రాష్ట్ర న్యాయ సేవల ప్రాధికారం ఉన్న భవనం పేరు న్యాయ దేగుల. దేగుల అంటే కన్నడలో గుడి. ఆ బోర్డు చదివి చెబితే అక్క చెప్పులు బయట విడవబోయింది. నేనే వద్దన్నాను.

ప్యానెల్ లాయర్‌ను, అంటే ప్రాధికారం తరఫున ఉచితంగా వాదించే లాయర్‌ను, కేటాయించారు. వేతనాల చెల్లింపు చట్టం కింద క్లెయిమ్ వేశారు. అప్పట్లో దానికి గడువు 12 నెలలే. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో అది మూడేళ్లయింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకున్నా వెట్టిచాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లోనే, ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ పనులు చేసిన కూలీల కేసులో (ఆసియాడ్ కార్మికుల కేసు) చెప్పింది. క్లాసులో ఆ తీర్పును పరీక్ష కోసం చదివాను. బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక శాఖ ఆఫీసు, కార్మిక భవనలో అక్క పక్కన బెంచీ మీద కూర్చున్నాక అది ఎవరి కోసం రాశారో అర్థమైంది.

వాయిదాలు నాలుగు పడ్డాయి. ఆమె చేసింది నెల రోజులేనని అవతలివాళ్లు వాదించారు. లాయర్ క్యాలెండర్ ముందు పెట్టారు. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు పేజీలు తిప్పి చూశాక రాజీకి వచ్చి, రెండు విడతల్లో మొత్తం ఇస్తామన్నారు.

రెండో విడత చేతికొచ్చిన రోజు అక్క నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, మడిచి రవికలో పెట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది: "ఆ క్యాలెండరు ఎప్పుడిస్తారు పాపా? చీటీ లెక్కలన్నీ దాని వెనకాలే రాసుకున్యా."