వెనక సీట్లోంచి చూస్తే

ఆదివారం. ఇడ్లీలు తిని పదిన్నరకి కార్ల షోరూమ్‌కి బయల్దేరాం. అమ్మా నాన్నా, నేనూ మా ఆవిడా, పిల్లలిద్దరూ. పాత చిన్న కారులో ఆరుగురం ఎక్కితే చిన్నాడు ఎప్పుడూ నాన్న ఒళ్లోనే. వాడికి ఎనిమిదేళ్లొచ్చాయి, ఇక కుదరదు.

షోరూమ్‌లో అడుగు పెట్టగానే ఎర్ర కారొకటి. నల్ల రూఫ్, సీట్లకి ఎర్ర దారం కుట్లు, వెనక రెండు సైలెన్సర్ గొట్టాలు. వేలు పెట్టి చూశాను. ఉత్త ప్లాస్టిక్, లోపల మూసేసి ఉంది. "స్పోర్టీ ఎడిషన్ సర్" అన్నాడు సేల్స్ కుర్రాడు. ఇంజిన్ వేరేదా అంటే, "లేద్సార్, లుక్ మాత్రమే" అన్నాడు. పాపం, అబద్ధం చెప్పలేదు.

నాన్న స్టీరింగ్ వైపు చూడనైనా లేదు. నేరుగా వెనక డోర్ తీసి కూర్చుని, ముందు సీటుకీ మోకాలికీ మధ్య జానెడు పెట్టి కొలిచారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. సీటు మరీ కిందికుంటే లేవలేదు, మరీ ఎత్తయితే ఎక్కలేదు. ముందు కూర్చుని, ఆ తర్వాత చీర సర్దుకుంటూ కాళ్లు లోపలికి తిప్పుకుంటుంది. ఎర్ర కారులో తల ఠపీమని తగిలింది. పక్కనున్న ఏడు సీట్ల ఎర్టిగాలో హాయిగా కూర్చుని, పట్టుకోడానికి పైన పిడి ఉందా అని చేత్తో తడుముకుంది. బస్సు ప్రయాణాల అలవాటు.

నాకు స్పీడంటే పడదని కాదు. 2018లో టాటా వాళ్లు కోయంబత్తూరులోని జయెమ్ అనే కంపెనీతో కలిసి టియాగో జేటీపీ తెచ్చారు. అంత చిన్న కారులో 1.2 లీటర్ల టర్బో ఇంజిన్, 114 హార్స్ పవర్! నెల రోజులు దాని వీడియోలే చూశాను, ఆఫీసులో అందరి బుర్రలూ తిన్నాను. కొన్నానా? లేదు. 2020లో బీఎస్6 అని కొత్త పొగ నిబంధనలు వచ్చేసరికి అది లేదు, అలాంటిదే మారుతి వాళ్ల బాలెనో ఆర్ఎస్ కూడా లేదు. పొగిడేవాళ్లతో ఫ్యాక్టరీ నడవదు కదా. కంపెనీలు ఫ్యామిలీ కార్లే చేసుకుంటామంటే నేనేమీ అనను.

నా పేచీ వేరే. ఫ్యామిలీ కారుకి స్పోర్ట్స్ కారు వేషం వేసి అమ్మడమే నచ్చట్లేదు. అందం కోసం పెద్ద చక్రాలు, వాటికి పలచటి టైర్లు. గుంటలో పడితే ఆ దెబ్బ నడుముకి తగిలేది వెనక కూర్చున్న అమ్మకి. లోపలంతా నలుపు, మన మే నెల ఎండలకి! స్టైల్ కోసం వెనక అద్దాలు చిన్నవి చేస్తే, బయటేమీ కనపడక మా పెద్దమ్మాయికి సూర్యాపేట రాకముందే వాంతులు.

నాన్న దగ్గర ఒకప్పుడు సెకండ్ హ్యాండ్ మారుతి 800 ఉండేది. 796 సీసీ ఇంజిన్. దాంట్లోనే ఐదుగురం యాదగిరిగుట్టకి వెళ్లేవాళ్లం. సీట్లు ఇరుకే, కానీ చుట్టూ పెద్ద పెద్ద అద్దాలు. వెనక కూర్చున్నా గుట్ట మొత్తం కనపడేది.

ఇవాళ బుక్ చేయలేదు. వచ్చే ఆదివారం టెస్ట్ డ్రైవ్. "ఖాళీ బండి తోలితే ఏం తెలుస్తుంది, అందరం ఎక్కుదాం" అంది అమ్మ. చెల్లి కూడా వస్తానంటోంది. ఆ కుర్రాడికి ఫోన్ చేసి ఏడుగురం వస్తున్నామని చెప్పాలి.