డులూత్ గట్టు మీద హార్లిక్స్

అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని రేవు ఊరు డులూత్ వెళ్దామన్నది మా అమ్మాయి అమ్ములే. అక్కడ ఒక వంతెన నిలువునా పైకి లేస్తుందని, దాని కింద నుంచి పెద్ద ఓడ వెళుతుందని బడిలో ఎవరో చెప్పారట. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు కాబట్టి శని, ఆదివారాలు కూడా కలిసొచ్చాయి. వాళ్ల అమ్మ విశాఖపట్నంలో ఉంది. మా అత్తగారికి తుంటి ఎముక ఆపరేషన్ అయింది, మార్చి వరకు తను తిరిగి రాలేదు. ఈసారి సంక్రాంతికి మా ఇంట్లో ముగ్గూ లేదు, అరిసెలూ లేవు. మినియాపొలిస్ శివారులో, కిటికీలోంచి మంచు తప్ప మరేమీ కనిపించని ఇంట్లో ఆరేళ్ల పిల్లతో వరుస సెలవులు గడపడం కంటే ప్రయాణమే తేలిక అనిపించింది.

తేలిక అన్నాను గానీ, మిన్నెసోటా చలికాలంలో పిల్లను గుమ్మం దాటించడమే ఒక ప్రయాణం. ముందు ఒంటికి అంటుకునే లోపలి బట్టలు, వాటి మీద మామూలు బట్టలు, ఆపైన మంచులో ఆడుకునే ప్యాంటు, ఉన్ని మేజోళ్లు, బూట్లు, మెడ పట్టీ, టోపీ, కోటు. చివరగా మిటెన్లు. వేళ్లకు విడివిడిగా ఉండే గ్లోవ్స్ ఈ చలికి ఆగవు. నాలుగు వేళ్లూ ఒకే చోట ఉంటే ఒకదాని వేడి ఇంకొకదానికి అందుతుంది. ఇదంతా అయ్యాక, తలుపు గడియ మీద చెయ్యి వేసిన క్షణంలో "నాన్నా, బాత్‌రూమ్" అని వినిపిస్తుంది. అంతకు ముందు ఎన్నిసార్లు అడిగినా రాదు. కారు దగ్గరికి వెళ్లాక ఆ లావు కోటు మళ్లీ విప్పాలి. దూదికోటు మీద బెల్టు పెడితే బిగువుగా ఉన్నట్టే కనిపిస్తుంది, ప్రమాదం జరిగితే మాత్రం కోటు నలిగిపోయి బెల్టు వదులవుతుంది. అందుకని కోటు తీసి, బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పాలి. ఇంట్లో ఇద్దరుంటే ఒకరు కారు వేడెక్కిస్తారు, ఒకరు పిల్లను సిద్ధం చేస్తారు. ఒక్కరే ఉంటే పిల్ల ఇంట్లో చెమట పట్టి అయినా ఏడుస్తుంది, చల్లటి కారులో వణికి అయినా ఏడుస్తుంది. రెండిట్లో నేను చెమటకే ఓటు వేస్తాను.

డులూత్ మా ఇంటి నుంచి ఉత్తరంగా దాదాపు 250 కిలోమీటర్లు, ఐ-35 రహదారి మీద తిన్నగా వెళ్లడమే. ఊరు దగ్గర పడ్డాక రోడ్డు ఒక కొండ ఎక్కుతుంది. అక్కడి నుంచి కిందికి చూస్తే ఊరు, రేవు, వాటి వెనుక సుపీరియర్ సరస్సు. దాని విస్తీర్ణం 82,000 చదరపు కిలోమీటర్లకు పైనే, అంటే తెలంగాణలో దాదాపు నాలుగింట మూడు వంతులు. మంచినీటి సరస్సుల్లో ఇంతకంటే విశాలమైనది ప్రపంచంలో లేదు. విశాఖలో పుట్టి పెరిగినవాణ్ని కాబట్టి నా కళ్లు దాన్ని సముద్రమనే అన్నాయి. ముక్కు మాత్రం ఒప్పుకోలేదు. ఉప్పు వాసన లేదు, చేపల వాసన లేదు, అసలు ఆ చలిలో ఏ వాసనా లేదు.

రేవు మాత్రం నాకు బాగా తెలిసిన రేవే అనిపించింది. ఇక్కడికి దగ్గరలోని మెసాబీ కొండల నుంచి ఇనుప ఖనిజం రైళ్ల మీద వస్తుంది, ఓడలకెక్కి ఉక్కు కర్మాగారాలకు పోతుంది. మా విశాఖ రేవుకు బైలదిల్లా ఖనిజం కిరండూల్ లైను మీద దిగినట్టే. తేడా ఏమిటంటే, ఇక్కడ చలికాలంలో దుకాణం మూసేస్తారు. సుపీరియర్ నుంచి కింది సరస్సులకు ఓడలను దించే సూ లాకులను జనవరి 15న మూసి, మార్చి చివర్లో గానీ తెరవరు. ఆ మధ్యకాలమంతా ఓడలు రేవుల్లోనే లంగరు వేసుకుని మరమ్మతులు చేయించుకుంటాయి. మేం వెళ్లింది సరిగ్గా ఆఖరి ఓడలు ఇల్లు చేరే రోజుల్లో.

అదృష్టం బాగుంది. శనివారం మధ్యాహ్నం ఒక ఓడ వస్తోందని తెలిసి కెనాల్ పార్కుకు వెళ్లాం. వెళ్లేసరికే గట్ల మీద జనం నిలబడి ఉన్నారు. సరస్సు నుంచి రేవులోకి ఓడలు వచ్చే కాలువ వెడల్పు 90 మీటర్లే. ఆ ఓడ పొడవు 300 మీటర్ల పైచిలుకు. వంతెన 1905లో కట్టినప్పుడు ఇలా లేచేది కాదట. కింద వేలాడే ఒక పెట్టెలో మనుషుల్ని, బళ్లను అటూ ఇటూ దాటించేవారట. 1930 నాటికి దాన్ని లేచే వంతెనగా మార్చారు. ఓడ కూత వేసింది, జవాబుగా వంతెన కూడా కూత వేసింది, రోడ్డు ముక్క మొత్తంగా గాలిలోకి లేచింది. అమ్ములు నా మెడ మీద కూర్చుని అరిచిన అరుపుకు నా కుడి చెవి చాలాసేపు పనిచేయలేదు. డెక్కు మీద ఉన్న ఒక మనిషి చెయ్యి ఊపాడు. తనకే ఊపాడని అమ్ములు ఇప్పటికీ అంటుంది, నేను కాదనలేదు.

ఓడ లోపలికి వెళ్లిపోయాక జనం కార్లలోకి పరుగెత్తారు. మైనస్ 20 డిగ్రీల చలి, పైగా సరస్సు మీది గాలి. కానీ అమ్ములుకు గట్టు చివరనున్న లైట్‌హౌస్ దాకా నడవాలి. నడిచాం. దారిలో మతాఫా అనే ఓడ కథ చెప్పాను, పిల్లకు సరిపడేంత వరకే. 1905 నవంబరు 28న, తుఫానులో ఈ కాలువలోకి దూరబోయి ఆ ఓడ ఉత్తరపు గట్టును గుద్దుకుంది. ఒడ్డుకు కూతవేటు దూరంలో విరిగి కూలబడింది. ఒడ్డున వేలమంది చేరి రాత్రంతా మంటలు వేసి చూస్తూ ఉన్నారు గానీ, ఆ అలల్లో దాని దగ్గరికి వెళ్లలేకపోయారు. తొమ్మిది మంది చలికి చనిపోయారు. ఆ తొమ్మిది మంది సంగతి పిల్లకు చెప్పలేదు. "మంటలు వేశారు" అనే దగ్గర ఆపేశాను.

అప్పుడే అమ్ములు బూటు పట్టీ ఊడింది. మోకాళ్ల మీద కూర్చుని, చేతి మిటెన్ తీసి, పట్టీలో ఇరుక్కున్న మంచును గోటితో గీకుతున్నాను. తను నా భుజం పట్టుకుని పక్కనున్న ఇనుప స్తంభానికి ఆనుకుంది. సరస్సు తుంపర గడ్డకట్టి ఆ స్తంభం పంచదార అద్దినట్టు మెరుస్తోంది. "నాన్నా" అన్న పిలుపు సగంలో తెగి "ఆఆ" అయింది. తల ఎత్తి చూశాను. నాలుక స్తంభానికి అతుక్కుపోయి ఉంది.

భయం తర్వాత సంగతి, ముందు తన తల వెనుక నా ఎడమ అరచెయ్యి ఆన్చాను. ఎవరికైనా ఆ క్షణంలో వెనక్కి లాక్కోవాలనే అనిపిస్తుంది; లాక్కుంటే నాలుక మీది పొర ఇనుముకే ఉండిపోతుంది. అదే చలిలో ఉన్న చెక్కను నాకితే ఏమీ కాదు. చెక్క కంటే ఇనుము కొన్ని వందల రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. రక్తం తెచ్చే వెచ్చదనం నాలుకకు చేరేలోపే ఉమ్మి గడ్డకట్టి, ఇనుముకీ నాలుకకీ మధ్య సన్నని మంచు పొర అవుతుంది. ఆ పొర కరగాలి, అంతే. నోటి దగ్గర చేతులు దోసిలిపట్టి వెచ్చగా ఊదినా కొంత కరుగుతుంది. గోరువెచ్చని నీళ్లు పోస్తే ఇంకా త్వరగా కరుగుతుంది. వేడినీళ్లు పనికిరావు, నోరు కాలుతుంది.

నీళ్లు గట్టు మొదట్లో ఉన్న ఓడల మ్యూజియంలో ఉన్నాయి. ఇద్దరం ఉంటే ఒకరు పరుగెత్తేవాళ్లం. ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆ శీతాకాలంలో నన్ను విసిగించినవన్నీ ఇలాంటివే. పని పెద్దదేమీ కాదు, కానీ ఒకరు పట్టుకుని ఉండాలి, ఇంకొకరు వెళ్లి తేవాలి. ఉన్నది ఒక్కడు. అతని చేతుల్లో ఒకటి పిల్ల తల వెనుక ఉంది.

నా వీపున సంచిలో ఫ్లాస్కు ఉంది, ఫ్లాస్కులో హార్లిక్స్ ఉంది. "కదలకు బంగారం, నాన్న ఇక్కడే ఉన్నాడు. ఓడ ఎలా కూసిందో ఒకసారి ముక్కుతో కుయ్యి" అన్నాను. కళ్లల్లో నీళ్లతోనే కూసింది. ఈలోగా సంచి ఒక భుజం నుంచి జార్చి, ఫ్లాస్కును మోకాళ్ల మధ్య ఇరికించి, కుడిచేత్తో మూత తిప్పాను. పొద్దున పోసిన హార్లిక్స్ ఇంకా పొగలు కక్కుతోంది. మూతలో సగం పోసి, గట్టు అంచున ఉన్న శుభ్రమైన మంచు ఇంత కలిపి, మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూశాను. పిల్ల పాలసీసా తాగే రోజుల్లోని అలవాటు, చెయ్యి మరిచిపోలేదు. నాలుక మీద పోశాను. అంచులు వదిలాయి, మధ్యలో వదల్లేదు. మళ్లీ కలపాలి, కానీ ఆలస్యమైతే వదిలిన చోట మళ్లీ పట్టుకుంటుంది.

అప్పుడు కుక్కతో నడుస్తూ వస్తున్న ఒక పెద్దాయన ఆగాడు. పరాయి పిల్లను ముట్టుకోవడానికి ఇక్కడివాళ్లు జంకుతారు. ఆయన కూడా ముట్టుకోలేదు. ఏం జరిగిందని అడగనూ లేదు, చూస్తేనే తెలుస్తోంది. సరస్సు వైపు వెళ్లి గాలికి అడ్డంగా నిలబడి, ఏం పట్టుకోమంటావని అడిగాడు. ఫ్లాస్కు ఇచ్చాను. ఆయన పోస్తున్నాడు, నేను మంచు కలుపుతున్నాను, అమ్ములు ముక్కుతో కూస్తోంది. మూత తర్వాత మూత ఆగకుండా పోస్తే నాలుక దానంతట అదే జారి నోట్లోకి వెళ్లిపోయింది. కొసన కొద్దిగా రక్తం. అమ్ములు నోరు మూసుకుని, రుచి చూసి, "హార్లిక్స్ అంతా అయిపోయిందా?" అంది.

నేను సమాధానం చెప్పేలోపు కుక్క ఆ స్తంభం దగ్గరికి చేరింది, కారిన హార్లిక్స్ కోసం. పెద్దాయన గొలుసు పట్టి ఒక్క గుంజు గుంజాడు. నాతో అంతసేపూ నిదానంగా ఉన్న మనిషి కుక్కను మాత్రం గట్టిగా తిట్టాడు. తన చిన్నప్పుడు వాళ్లన్నయ్య బడి ముందున్న జెండా కర్రకు ఇలాగే అతుక్కున్నాడని, అతనికి ఇప్పుడు డెబ్బై దాటాయని, నాలుక బాగానే ఆడుతుందని, ఆడటం ఆపదని చెప్పి వెళ్లిపోయాడు.

మ్యూజియంలో వెచ్చగా కూర్చున్నాక, బీమా కార్డు మీద ఉన్న నర్సుల నంబరుకు ఫోన్ చేశాను. రక్తం ఆగిందా, నాలుక అటూ ఇటూ కదులుతోందా, మింగగలుగుతోందా అని అడిగారు. నోటి గాయాలు త్వరగా మానుతాయి, ఆసుపత్రికి రానక్కర్లేదు, కారం, పులుపు, వేడి వద్దు, చల్లటివి పెట్టండి అన్నారు. చలి వల్ల వచ్చిన దెబ్బకు మందుగా ఐస్‌క్రీమ్ రాసిచ్చినట్టు అమ్ములు అర్థం చేసుకుంది. ఆ అర్థాన్ని మార్చడానికి నాకు ఓపిక లేదు.

ఇంటి నుంచి పట్టుకెళ్లినవి పులిహోర, ఆవకాయ. రెండూ నిషిద్ధం. హోటల్ గదిలో బుల్లి రైస్ కుక్కర్ పెట్టి, మెత్తగా వండి, పెరుగు కలిపి పెట్టాను. నా వంతు పులిహోర తన ఎదురుగా తింటుంటే, అన్యాయం అన్నట్టు చూసింది.

రాత్రి ఎనిమిదికి విశాఖలో మర్నాడు పొద్దున ఏడున్నర. వీడియో కలవగానే అమ్ములు హలో అనలేదు, నాలుక బయటపెట్టింది. కథంతా తనే చెప్పింది. అందులో ఓడ మీద మనిషి చెయ్యి ఊపడం సగం, కుక్క సగం. నా ఆవిడ అంతా విని, "మరి తలెవరు పట్టుకున్నారు, నీళ్లెవరు పోశారు?" అని అడిగింది. ఇద్దరు చెయ్యాల్సిన పని అని తనకూ వెంటనే తట్టింది. మంచం మీది నుంచి మా అత్తగారు తేనె రాయమని కేక వేశారు. నొప్పి మాత్ర వేసుకున్నారా అని అడిగితే, ముందు తేనె సంగతి చూడు నాయనా అన్నారు. అల్పాహారం బల్ల దగ్గర దొరికిన తేనె పొట్లాలతో మర్నాడు ఆ మాట నెరవేర్చాను.

ఆదివారం గూస్‌బెర్రీ జలపాతం చూశాం. పైనుంచి కింది దాకా గడ్డకట్టి ఉంది. చెవి పెట్టి వింటే మంచు లోపల నీళ్లు పారుతున్న చప్పుడు. అక్కడి నుంచి కాస్త దూరంలో స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్. మతాఫా విరిగిన ఆ తుఫాను దెబ్బకే దాన్ని కట్టాలని పట్టుబట్టారు, 1910లో దీపం వెలిగింది, 1969లో ఆపేశారు. ఎర్రటి కొండ అంచున చిన్న ఇటుక కట్టడం, కింద గడ్డకట్టిన సరస్సు. ఫోటోలకు చాలా బాగుంటుంది, వేళ్లకు బాగుండదు. అక్కడ ఉన్నంతసేపూ మెడ పట్టీని అమ్ములు తనంతట తానే ముక్కు దాకా లాక్కుని ఉంది. ఏ కమ్మీ కనిపించినా దానికి దూరంగా, అర్ధచంద్రాకారంలో తిరిగి వెళ్లింది.

సోమవారం తిరుగు ప్రయాణంలో హింక్లీలో ఆగాం. డులూత్ దారిలో వెళ్లేవాళ్లంతా అక్కడ టోబీస్ అనే రెస్టారెంట్‌లో క్యారమెల్ రోల్ తినడం ఆనవాయితీ. అమ్ములు ముఖమంత ఉంది ఆ రోల్. నాలుక మండుతోందా, ఆపేస్తావా అని అడిగితే, నోటి నిండా ఉండటం వల్ల జవాబు రాలేదు. ప్లేటును మాత్రం తన వైపు ఇంకొంచెం లాక్కుంది.