పైనున్న స్టేషన్‌కి లిఫ్టే దారి

తిరుపతి లాడ్జీల్లోనూ అపార్ట్‌మెంట్లలోనూ లిఫ్టులు బాగుచేయడం నా పని. ఆ అలవాటు ఎక్కడికెళ్ళినా వదలదు. తలుపు మూసుకునే చప్పుడు వింటేనే రోలర్ అరిగిందో, కింది గాడిలో మట్టి చేరిందో తెలిసిపోతుంది. మా నాయనకి తుంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి రివ్యూలకి ఆయన్ని చెన్నైలో అడయార్ వైపున్న ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. అట్లా అక్కడ పిల్లర్ల మీద నడిచే రైలూ, దాని స్టేషన్లూ నాకు బాగా అలవాటయ్యాయి. వాటి గురించి రాయాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను.

మనవాళ్ళు చాలామంది దాన్ని మెట్రో అనుకుంటారు. కాదు. మెట్రో 2015లో వచ్చింది. ఇది అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1995లో, బీచ్ స్టేషన్ నుంచి చేపాక్ దాకా మొదలైంది. 1997లో మైలాపూర్ చేరింది, 2007లో వేళచ్చేరి. కాగితాల మీద దాని పేరు ఎం.ఆర్.టి.ఎస్. (మాస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ సిస్టం), అక్కడి జనం మాత్రం ఎగిరే రైలు అంటారు. మామూలు లోకల్ బండే, లోకల్ టికెట్టే. కాకపోతే పట్టాలు మేడ ఎత్తున ఉంటాయి.

తిరుపతి నుంచి పోయేవాళ్ళకి ఇది మంచి వసతి. సెంట్రల్లో దిగి, సబ్‌వేలో రోడ్డు దాటి, జనరల్ ఆస్పత్రి వైపు వస్తే పార్క్ టౌన్ స్టేషన్. అది దాటాక లైను మెల్లగా పైకి లేస్తుంది. చింతాద్రిపేట, చేపాక్, తిరువల్లిక్కేణి, లైట్‌హౌస్. కిటికీ పక్కన కూర్చుంటే మిద్దెల మీద ఆరేసిన బట్టలు, నీళ్ళ ట్యాంకులు, చేపాక్‌లో క్రికెట్ స్టేడియం అన్నీ కంటి ఎదుటే పోతాయి. ట్రాఫిక్ లేదు, ఆటోవాళ్ళతో బేరం లేదు. మధ్యలో, 2023 ఆగస్టు నుంచి ఏడాదికి పైగా, బీచ్-ఎగ్మోర్ నడుమ నాలుగో లైను పనుల కోసం బండ్లని చింతాద్రిపేట దగ్గరే ఆపేశారు. ఆ రోజుల్లో నాయనతో, సంచులతో సెంట్రల్ నుంచి అక్కడిదాకా చేరడమే పెద్ద పని అయ్యేది. బండ్లు మళ్ళీ పార్క్ టౌన్‌కి వచ్చినప్పుడు నాకు నిజంగా ప్రాణం లేచొచ్చింది.

నాయన ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యాడు. తిరుపతి నుంచి పుత్తూరు, ఊత్తుకోట మీదుగా మద్రాసుకి ఏళ్ళ తరబడి బస్సు నడిపాడు. కోయంబేడు బస్టాండు 2002లో వచ్చింది కానీ, ఆయన మద్రాసు అంతకుముందుది, ప్యారిస్ కార్నర్ దగ్గర బస్సు ఆపి గిలకల బావి నీళ్ళతో మొహం కడుక్కున్న మద్రాసు. ఈ రైల్లో కూర్చుంటే ఆయన కిందికే చూస్తాడు. కింద బకింగ్‌హామ్ కాలువ. అది మనకి పరాయిది కాదు. కాకినాడ వైపు నుంచి మొదలయ్యే ఆ నీటిదారి నెల్లూరు తీరం, పులికాట్ మీదుగా మద్రాసు దాటి మరక్కాణం దాకా పోయేది. మన వైపు నుంచి బియ్యం, ఉప్పు, కట్టెలు పడవల్లో దాని మీదే మద్రాసు చేరేవి. రైలు లైను వేసేటప్పుడు ఊరి నడుమ అంత స్థలం ఇంకెక్కడా దొరకదు కాబట్టి, కాలువలోనూ గట్టు మీదా స్తంభాలు దించారు. ఇళ్ళు కొట్టే బాధ తగ్గింది, కాలువ ఇరుకైపోయింది. "పడవలు పోయిన దార్లో రైలు పోతా ఉందే" అంటాడు నాయన, ప్రతిసారీ అదే ఆశ్చర్యంతో.

ఒకసారి మేము దిగాల్సిన స్టేషన్లో (పేరు రాయను, అది ఏ స్టేషన్లోనైనా జరిగేదే) లిఫ్ట్ ముందు అడ్డంగా తాడు కట్టి ఉంది. బటన్లో లైటు లేదు. ఈ లైన్లో ప్లాట్‌ఫారం కింద ఒక అంతస్తు, దాని కింద రోడ్డు. అంటే మెట్లు రెండు విడతలు. ఆపరేషన్ అయినవాళ్ళకి ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పించే మొదటి పాఠం: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు. నాయనకి అది నోటికొచ్చు. రెయిలింగు పట్టుకుని మొదటి మెట్టు మీద ఊతకర్ర పెట్టాడు, కాలు దించాడు, ఆగాడు. మోచేయి వణుకుతోంది. కిందికి చూశాడు, మెట్లు ఇంకా ఎన్నో ఉన్నాయి.

"ఏమిరా, ఎట్లా?"

"దిగొద్దు నాయనా. పక్క స్టేషన్‌కి పోదాం, ఆడ లిఫ్ట్ ఉంటే దిగుదాం."

బెంచీ మీద కూర్చోబెట్టి, తర్వాతి బండి ఎక్కించి, ముందున్న స్టేషన్లో దించాను. అక్కడ లిఫ్ట్ పనిచేస్తోంది. అక్కడి నుంచి ఆటోలో వెనక్కి వచ్చాం. డాక్టరు చూశాడు, పని అయింది. కానీ తోడు మనిషి లేకపోతే? ఆ ఆటో డబ్బులు చేతిలో లేకపోతే? ఆ రోజంతా నాకు అదే ఆలోచన.

పక్కనే ఎస్కలేటర్ ఉంది కదా, ఆగిపోయినా మెట్లలాగే వాడుకోవచ్చు కదా అంటారు. వాడకూడదు. మామూలు మెట్టు ఎత్తు పదిహేను సెంటీమీటర్ల దగ్గర ఉంటే, ఎస్కలేటర్ మెట్టు ఇరవై దాకా ఉంటుంది. పైగా మొదట్లో, చివర్లో మెట్లు ఒకే ఎత్తులో ఉండవు, ఒక్కొక్కటీ ఒక్కో ఎత్తు. కాలు అంచనా తప్పేది అక్కడే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆగిన ఎస్కలేటర్ కంటే రాతి మెట్లే నయం.

ర్యాంప్ పెట్టొచ్చు కదా అనేవాళ్ళకి ఒక లెక్క చెప్తాను. చక్రాల కుర్చీ క్షేమంగా పోవాలంటే మీటరు ఎత్తుకి పన్నెండు మీటర్ల పొడవు కావాలి. ప్లాట్‌ఫారం తొమ్మిది మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే ర్యాంప్ 108 మీటర్లు. మలుపుల దగ్గర ఆగే చోటు కలిపితే ఇంకా ఎక్కువ. ఆ కుర్చీని అంత దూరం తోసేదెవరు? కాబట్టి పైనున్న స్టేషన్‌కి లిఫ్ట్ అలంకారం కాదు, అదనపు సౌకర్యమూ కాదు. అదే దారి. అది ఆగితే కొంతమందికి ఆ స్టేషన్ లేనట్టే.

లిఫ్టులు చెడిపోవని నేను అనను, నా కూడే దాని మీద. మా తిరుపతి లాడ్జీల్లో ఎక్కువ ఫిర్యాదులు తలుపు దగ్గరే. గాడిలో చిల్లర పైసలు, కొబ్బరి పీచు పడతాయి, సూట్‌కేసు అడ్డం పెట్టి తలుపు ఆపుతారు. ఎనిమిది మంది లిఫ్ట్ అంటే 544 కిలోలు, మనిషికి 68 కిలోల చొప్పున. తిరుమల నుంచి దిగొచ్చిన కుటుంబం లగేజీతో సహా పదిమంది ఎక్కితే అది కదలదు, కదలకూడదు. సముద్రం దగ్గర, కాలువ గట్టున అయితే వేరే జబ్బు. లిఫ్ట్ గుంత అన్నిటికంటే కిందుంటుంది కాబట్టి నీళ్ళు ముందు అక్కడికే చేరతాయి. లిఫ్ట్ కిందికి జారితే దెబ్బ కాచే బఫర్లు, వేగం మించితే పట్టేసే గవర్నర్ తాడుని బిగించే పుల్లీ, హద్దు దాటకుండా ఆపే లిమిట్ స్విచ్‌లు అన్నీ ఆ గుంతలోనే. తడి తగిలితే లిఫ్ట్ ఆగాల్సిందే, ఆగడమే ప్రాణానికి మంచిది. ఉప్పుగాలికి కరెంటు కాంటాక్టులకి చిలుము పడుతుంది. అలాంటి చోట నెలకోసారి వచ్చి సంతకం పెట్టి పోయే మెయింటెనెన్స్ చాలదు. అక్కడే ఉండే మనిషి కావాలి.

ఆ మనిషి కూర్చోడానికి చోటు లేదా అంటే, ఆ స్టేషన్లలో కావలసినంత ఉంది. అద్దెలొస్తాయని కట్టిన అంతస్తులు చాలాచోట్ల ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండిపోయాయి. పెద్ద పెద్ద హాళ్ళు, మధ్యాహ్నం పూట మన చెప్పుల శబ్దమే మనకి వినిపించేంత ఖాళీ. రాత్రయితే ఆడపిల్లలు ఒంటరిగా ఆ మెట్లు దిగడానికి భయపడతారు. ఈ లైనుని మెట్రోకి అప్పగించే మాట కూడా చాలా ఏళ్ళుగా నడుస్తోంది. ఎవరి చేతిలో ఉన్నా సరే, దిగే స్టేషన్లో లిఫ్ట్ నడుస్తోందా లేదా అన్నది టికెట్ కౌంటర్ దగ్గర పలక మీద సుద్దతో రాసినా చాలు. పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు టికెట్ తీసుకునేటప్పుడే అడగండి. లిఫ్ట్ ఆగి కనిపిస్తే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. ఫిర్యాదు నంబరు పడితేనే పని కదులుతుంది, ఇది మా పనిలో చూసిన సంగతి.

మన తిరుపతి స్టేషన్‌ని కూడా కొత్తగా కడుతున్నారు. దేశంలో ఇంతమంది ముసలివాళ్ళు ఒకే ఊళ్ళో రైలు దిగేది అరుదు. ఆ పనిలో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదివితే, నా కోరిక ఇది. ప్రతి ప్లాట్‌ఫారానికీ లిఫ్టులు జంటగా పెట్టండి, ఒకటి రిపేరుకి ఆగినా రెండోది నడవాలి. తలుపు వెడల్పు చక్రాల కుర్చీతో పాటు తోసే మనిషికీ సరిపడా ఉండాలి. లిఫ్ట్ గుంతలో ఊరిన నీళ్ళు తోడే పంపుని స్టేషన్ కట్టేటప్పుడే పెట్టించండి, తర్వాత పెట్టాలంటే లిఫ్ట్ ఆపాల్సి వస్తుంది.