బిల్లు దారిని బొమ్మ గీసిన నా అనుభవం

కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారేముందు, ఇప్పుడు పని ఎలా జరుగుతోందో డాక్యుమెంట్ చేసే బాధ్యత నాకు అప్పగించారు. సప్లయర్ పంపిన బిల్లు మా చేతికి వచ్చినప్పటి నుంచి వాళ్ల ఖాతాలో డబ్బు పడేదాకా మొత్తం దారి. దాని మీద అప్పటికే పేజీలకు పేజీలు రాసిపెట్టి ఉన్నాయి. చదువుతుంటే అంతా సవ్యంగానే అనిపిస్తుంది. తీరా "సరుకు తక్కువ వస్తే బిల్లు ఎవరి దగ్గర ఆగుతుంది?" అని వెతికితే జవాబు దొరకదు. రాతలోనైతే "బిల్లు పరిశీలించబడును" అని రాసేసి, ఎవరు పరిశీలిస్తారో చెప్పకుండా దాటేయొచ్చు. బొమ్మలో అలా కుదరదు, ప్రతి పనికీ ఒక పెట్టె గీసి, దాన్ని ఎవరో ఒకరి వరుసలో పెట్టి తీరాలి. అందుకే బొమ్మలతో మొదలుపెట్టాను.

పని జరిగే తీరుకి బీపీఎంఎన్ తీసుకున్నాను, అంటే పని దశలని బొమ్మగా గీయడానికి వాడే ప్రామాణిక గుర్తుల పద్ధతి. దీని మొదటి వెర్షన్ 2004లో వచ్చింది. ఇప్పుడు వాడుకలో ఉన్న 2.0ని ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ అనే ప్రమాణాల సంస్థ 2011లో విడుదల చేసింది, 2013లో అది ఐఎస్ఓ అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. గుర్తులు బోలెడున్నాయి గానీ నాకు పనికొచ్చినవి గుప్పెడే: మొదలుకి సన్నగీత వలయం, ముగింపుకి మందపుగీత వలయం, పనికి గుండ్రటి మూలల పెట్టె, దారులు చీలే చోట డైమండ్. డైమండ్‌లో ఇంటూ గుర్తుంటే ఏదో ఒక దారే, ప్లస్ ఉంటే అన్ని దారులూ ఒకేసారి. ఈ రెండింటి తేడా చూపించని బొమ్మ గీసినా గీయకపోయినా ఒకటేనని నా గట్టి అభిప్రాయం.

ఎందుకంటే మాకు అసలు చిక్కు అక్కడే దొరికింది. బిల్లు సరుకు చూసే స్టోర్స్‌కీ, కొనుగోళ్లు చూసే పర్చేజ్‌కీ వెళ్తుందని అందరూ చెప్పారు. ఒకేసారా, ఒకరి తర్వాత ఒకరికా అని అడిగాను. "పర్చేజ్ వాళ్లు రేటు ఓకే చేశాక మేం సరుకు లెక్క చూస్తామండి" అన్నారు స్టోర్స్ వాళ్లు. "సరుకు లెక్క తేలకుండా రేటు చూసి ఏం లాభమండి?" అన్నారు పర్చేజ్ వాళ్లు. ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తున్నారు! ఎవరో ఫోన్ చేసి అడిగినప్పుడే ఆ బిల్లు కదిలేది. డైమండ్‌లో ఏ గుర్తు పెట్టాలో తేల్చుకోవాల్సి రావడం వల్లే ఆ ప్రశ్న అడిగాను.

ఇలాంటివి బయటపడాలంటే ఆ పని రోజూ చేసేవాళ్ల పక్కన కూర్చోవాలి. "మీరు బిల్లు ఎలా పాస్ చేస్తారు?" అంటే రూలు చెబుతారు. "చివరిగా పాస్ చేసిన బిల్లు ఒకసారి చూపిస్తారా?" అంటే జరిగింది చెబుతారు. ముందు వైట్‌బోర్డు మీద స్టిక్కీ నోట్లతో అతికించుకుని, అవి అటూ ఇటూ మారడం ఆగాకే కంప్యూటర్లో గీశాను.

సమాచారం ఏ సిస్టమ్ నుంచి ఏ సిస్టమ్‌కి పోతుందనేది వేరే బొమ్మ. రెండూ ఒకేచోట ఇరికిస్తే ఎవరికీ అర్థం కాదు. దీనికి 1970ల నాటి డేటా ఫ్లో డయాగ్రమ్‌నే వాడాను. మొదట మొత్తం వ్యవస్థ ఒకే వలయం, చుట్టూ బయటివాళ్లు. ఆ వలయాన్ని విడదీసి గీసినప్పుడు పై బొమ్మలో లోపలికొచ్చే, బయటికెళ్లే గీతలన్నీ కింది బొమ్మలోనూ సరిపోవాలి. ఇంకో నియమం, ఒక ప్రక్రియలోంచి ఏ సమాచారం బయటికొచ్చినా దానికి ఆధారం లోపలికి వచ్చి ఉండాలి.

మా చెల్లింపుల జాబితాలో ఎవరికి ముందు ఇవ్వాలో వరుస ఉంటుంది. కంపెనీ లెక్కలు ఉండే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చేది బిల్లు సొమ్ము, గడువు తేదీ మాత్రమే. జాబితా వరుస గడువు ప్రకారం లేదు. మరి ఆ వరుస ఎక్కడిది? అకౌంట్స్ మేడమ్‌ని అడిగితే తన ఎక్సెల్ షీట్ తెరిచారు. చివర్లో "అర్జెంట్" అని ఒక కాలమ్, ఫోన్లో ఎవరు చెప్పారో పక్కన పొడి అక్షరాల్లో. "ఇది నా గుర్తు కోసం పెట్టుకున్నదండి, దీన్ని కూడా రాయాలా?" అన్నారు. తప్పకుండా రాయాలి. ఎవరి డబ్బు ముందు పోతుందో నిర్ణయిస్తున్నది ఆ కాలమే, సిస్టమ్‌ల జాబితాలో దాని ఊసే లేదు.

డేటాబేస్‌లోని టేబుళ్ల మధ్య సంబంధాలకి పీటర్ చెన్ 1976లో ప్రతిపాదించిన ఈఆర్ (ఎంటిటీ-రిలేషన్‌షిప్) పద్ధతిలో ఇంకో చిన్న బొమ్మ గీశాను. ఒక ఆర్డర్‌కి ఎన్ని బిల్లులు రావచ్చో అందులో తేలింది. టూల్ ఏదైనా ఫర్వాలేదు గానీ, మార్చడానికి వీలైన అసలు ఫైలు దాచాలి. ఇమేజ్ ఒక్కటే మిగిలితే ఆ బొమ్మ త్వరలోనే పాతబడుతుంది. ప్రతి బొమ్మ మూలన తేదీ, సరిచూసినవాళ్ల పేరు పెట్టాను.

ఆ "అర్జెంట్" కాలమ్ ఇప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ అవసరాల్లో ఒక ఫీల్డ్‌గా చేరింది, దాన్ని మార్చే అధికారం ఎవరిదో కూడా రాశాం. స్టోర్స్, పర్చేజ్ పరిశీలనలు ఒకేసారి జరగాలని ఒప్పుకుని ప్లస్ గుర్తు పెట్టించారు. తిప్పి పంపిన బిల్లు సంగతి సప్లయర్‌కి ఎవరు చెప్పాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. అక్కడ ఎర్రటి ప్రశ్న గుర్తు పెట్టి, బొమ్మని అలాగే మేనేజర్ల మీటింగ్‌కి పంపాను.